అప్పగింతల తర్వాత పెళ్లి

ఆ రోజుల్లో కోదాడ మొత్తానికి కంప్యూటర్ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం రాకపోతే, మా అక్క మాట కాదనలేక బావ తన ఫొటో స్టూడియోలో నన్ను కూర్చోబెట్టుకున్నాడు. మిర్యాలగూడ మిల్లు సావుకారు పెద్దకూతురి పెళ్లి ఫొటోలు, రెండు కెమెరాలవీ కలిపి వేలల్లో వచ్చిపడ్డాయి. వాటిని వరసలో పెట్టడానికి బావ ఒక్కో ఫొటోకీ పేరు మారుస్తుంటే చూసి నాకు జాలేసింది. "జర జరుగు బావా, ఒక్క లైన్‌ల ఖతం చేస్త" అని కంప్యూటర్‌లో కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి, తీసిన సమయాన్ని బట్టి అన్నింటికీ వరస నంబర్లు పడేలా కమాండ్ కొట్టాను. (పేర్లు మార్చేముందు ఏది ఏమవుతుందో చూపించే వీలు కూడా అందులో ఉంది. అది భయస్తుల కోసమని వదిలేశాను.) టీ చల్లారేలోపు పని అయిపోయింది. "ఏం తెలివిరా నీది!" అన్నాడు బావ. ఇక నేను నేల మీద లేను.

ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇద్దరం సావుకారు ఇంటికి వెళ్లాం. ఇవి నచ్చితేనే చిన్నకూతురి పెళ్లి ఆర్డరు మాకు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. మొదటి ఫొటోలోనే పెళ్లికూతురు తండ్రిని పట్టుకుని ఏడుస్తోంది. తర్వాత కారెక్కింది. కారు వెళ్లిపోయింది. ఆ తర్వాత పసుపు పూసుకుని నవ్వుతూ కనిపించింది.

"ఏంది బిడ్డా, సాగనంపినంక పుస్తె కడుతున్నరా?" అంది పెళ్లికూతురి నాయనమ్మ.

ఒక్క అప్పగింతలే తీసిన రెండో కెమెరాలో గడియారం ఒక రోజు వెనకబడి ఉందని, అందుకే అవి అన్నిటికంటే ముందొచ్చాయని నాకప్పుడు తట్టింది. బావ నన్ను చూసిన చూపులో మా అక్క పట్ల ఉన్న మొహమాటం కూడా మిగల్లేదు.

"తప్పయింది సేటూ, సరిచేసి తెస్తం" అన్నాడు.

సావుకారు టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "ఉండనియ్యి. పెళ్లినాడు వంటలకాడ, బస్సులకాడ ఉరుకుడే అయింది, బిడ్డ పెళ్లి నేను సూడనే లేదు. కండ్లు మూస్తే గా కారు పోవుడే యాదికొస్తది. గిప్పుడు సూడు, పోయిన పిల్ల నవ్వుకుంట మల్లొచ్చింది." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఆల్బం గిట్లనే చెయ్యుండ్రి. చిన్నదాని పెళ్లికి గూడ మీరే రావాలె."

తిరుగు ప్రయాణంలో హుజూర్‌నగర్ దాటాక, "బతికిపోయినవ్ రా" అన్నాడు బావ.

నిజంగానే బతికిపోయాను. ఆ పెద్దమనిషికి ఆ రోజు దండం పెట్టాలని కూడా తోచలేదు, ఇప్పుడు పెడుతున్నాను. ఇప్పుడైతే ముందు చూసుకోకుండా ఒక్క ఫైలు పేరూ మార్చను. కానీ నా కూతురు బడి బస్సెక్కి చెయ్యి ఊపి వెళ్లిపోయాక, ఫోన్ తీసి దాని ఫొటోలు చివరి నుంచి మొదటికి చూసుకుంటూ కూర్చుంటాను.