ఎర్రగుడ్డ పీలికలు

పొద్దున్న కొత్తవలస దగ్గర కొండ అడవిలో పరుగు పందెం. పోయినేడు సగంలో కూలబడ్డాను. ఈసారి పూర్తి చేసే వస్తానని ఇంట్లో కోతలు కోసి మరీ వెళ్లాను. దారి తెలియడానికి పందెం వాళ్లు కొమ్మలకి ఎర్రగుడ్డ పీలికలు కట్టారు. జీడితోటలు దాటేసరికే నా పనైపోయింది. ఆలోచించే ఓపిక కూడా లేక, కనబడిన ఎర్ర పీలికల వెంటే పైకి పోయాను. నన్ను నమ్ముకుని వెనకాల మరో నలుగురు.

తీరా చూస్తే ఎదురుగా పసుపు రాసిన రాయి, దాని పక్క చెట్టు నిండా పీలికలే. మేం దారి గుర్తులనుకున్నవి అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు కట్టినవి!

అక్కడ కొబ్బరికాయ కొడుతున్న ముసలామె మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఏటి బావూ, రొప్పుకుంటా వచ్చినారు? ఏటి మొక్కుకున్నారు?"

"ఈ పరుగు ఎలాగైనా అయిపోవాలని, మామ్మా," అన్నాను.

"అయిపోనాది కదా, కూకోండి," అని తలో కొబ్బరిముక్క పెట్టింది.

కూర్చున్నాం. ఆ నలుగురూ నన్ను తిడతారనుకున్నాను, బూట్లు విప్పేశారు.

ఇంటికొచ్చాక "మెడల్ ఏదీ?" అని మా ఆవిడ చెయ్యి చాపితే, మిగిలిన కొబ్బరిముక్క అందులో పెట్టాను. నిజం చెప్పండి, మీరైతే లేచి పరిగెత్తేవారా?