నలభై కర్రల దూరం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో బిళ్ళంగోడు ఆటలో నన్ను మించి కొట్టేవాళ్ళు లేరు. గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్న మాట. మూరెడు కర్రతో గుంతలోని బిళ్ళను లేపి కొడితే అది చేను గట్టు దాటేది. కానీ నాకు ఇరవై దాటి లెక్క రాదు. అందుకే దూరం అంచనా కట్టే పని నా జోడీ అయిన పక్కింటి అక్కది. బిళ్ళ పడిన చోటు చూసి ఇన్ని కర్రలని అక్క అడిగేది. అవతలివాళ్ళు నమ్మితే అన్నీ మావే. అనుమానపడితే కర్రతో కొలుస్తారు. ఒక్కటి తగ్గినా ఓడినట్టే. అక్క ఎప్పుడూ ఒకటి తగ్గించే అడిగేది.

ఆ ఎండాకాలం ఊరి బావులన్నీ ఎండిపోయి, పై వీధి ఆసామి తోటబావి ఒక్కటే మిగిలింది. రాత్రి ఊరిన నీళ్ళు ముందు చేదుకున్నవాళ్ళకే. వెనక వచ్చినవాళ్ళకు బురద. మా కింది వీధి ఎప్పుడూ వెనకే. రోజూ తగువే. ఒకనాడు ఆసామి నవ్వుతూ, "పిల్లోళ్ళను జోడీలుగా ఆడించండప్పా, సరదాగా. గెలిచిన వీధోళ్ళు వానలు పడేదాకా ముందు చేదుకోనీ," అన్నాడు. ఆయన కొడుకులిద్దరూ ఒక జోడీ, మేమిద్దరం ఒక జోడీ. జోడీకి ఒక్కటే దెబ్బ.

"ఆడపిల్లోళ్ళతో ఏం ఆటప్పా, ఏడుస్తారు!" అన్నాడు పెద్దకొడుకు.

"ఏడ్చేదెవరో చూస్తాం గానీ, ముందు నీ నిక్కరు పైకి లాక్కో," అంది అక్క.

అందరూ నవ్వారు. ఖాళీ బిందె చంకన పెట్టుకొని వచ్చిన మా అమ్మ కూడా నవ్వింది.

వాళ్ళ దెబ్బకు ముప్పై తొమ్మిది వచ్చాయి. తరువాత నేను కొట్టాను. అక్క కళ్ళు చిట్లించి చూసి, "నలభై!" అంది.

"యాడుండాయి నలభై? కొలవాల," అన్నాడు పెద్దకొడుకు.

రెండు వీధులూ నమ్మి కర్ర చేతికిచ్చింది మా నాయనకే. అబద్ధమాడడని పేరు. కర్ర కొస దగ్గర గుర్తుగా బొటనవేలు పెట్టి, వేలు తీసి, సరిగ్గా అక్కడి నుంచే మళ్ళీ కర్ర పెట్టాలి. నాయన వేలు తీయలేదు. వేలికి అవతలి నుంచి పెట్టాడు. ప్రతిసారీ బొటనవేలంత నేల లెక్కలోకి రాకుండా పోయింది. భుజం మీది తువ్వాలు వేలాడుతూ ఆ చేతిని దాచింది. పక్కనే నడుస్తున్న నాకు మాత్రం కనబడింది.

"నాయనా, వేలు," అన్నాను మెల్లగా.

"నోరు మూసుకొని నడువు," అన్నాడు తలెత్తకుండానే.

బిళ్ళ దగ్గరికి చేరేసరికి లెక్క ముప్పై ఎనిమిది.

మా వీధి ఆడవాళ్ళు నాయనను ఒక్క మాట అనలేదు. అక్క మీద పడ్డారు. "పెద్ద లెక్కలదానివి! ఉన్న ముప్పై ఎనిమిదిని నలభై అంటివి. మా గొంతుల్లో మన్ను పోస్తివి కదే!" అక్క నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఇంటికొచ్చాక నాయన అన్నాడు: "మనం దున్నే నేల వాళ్ళది. నలుగుర్లో వాళ్ళ పిల్లోళ్ళు ఓడితే, రేపు నేల లాక్కుంటే యాడికి పోతాం?" మరుసటి ఏడు ఆ నేలను ఆసామి ఎటూ ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ ఎండాకాలమంతా మా అమ్మ బురద వడగట్టింది. అక్క మళ్ళీ ఏ ఆటలోనూ అంచనా చెప్పలేదు. గోరంట్లకు కోడలిగా వెళ్ళి, తప్పు తనదేననుకుంటూనే కన్నుమూసింది. చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు దొరికాయి. చెప్పలేదు. నాయన దొంగ అనిపించుకుంటాడని అనుకునేదాన్ని. నిజానికి నేనూ దొంగనే.

ముసలితనంలో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. సొంతంగా ఒక వాక్యం రాయమంటే, పలక మీద 'అక్క చెప్పిన నలభై నిజం' అని రాశాను. ఎవరైనా చూస్తారని వెంటనే అరచేత్తో తుడిచేశాను.

ఇప్పుడు కాగితం మీద సిరాతో రాస్తున్నాను. అక్క చెప్పిన నలభై నిజం.