లైను పరీక్ష

సౌదీలోని ఖఫ్జీలో విపత్తు డ్రిల్లు జరిగినప్పుడల్లా ఇసుకలో తాత్కాలిక టవరు నిలబెట్టేది రాయచోటి ఫక్రుద్దీనే. తాళ్లు బిగించి, కేబుళ్లు కలిపి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, లైను పరీక్షకు చనిపోయిన భార్య రేష్మా నంబరే నొక్కుతాడు. ఊరికి వరదొచ్చిన నాడు, మొగుడు ఫోన్ చేస్తాడని, సిగ్నలు అందే గుమ్మం వదలక ఆమె మునిగిపోయింది. "ఈ నంబరు వాడుకలో లేదు" అని తెలుగులో వినిపిస్తే లైను బాగున్నట్టే.

ఈసారి ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"ఎవురు కావాల?"

ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేశారని అర్థమై, ఫక్రుద్దీన్ టవరు కాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవురూ వద్దు మ్మా. లైను చూస్తాండా."

"బాగా ఇనపడతాందన్నా."

సూపర్‌వైజరు దూరం నుంచి "ఖలాస్?" అని, పని అయిపోయిందా అన్నట్టు అడిగాడు. ఫక్రుద్దీన్ తలూపాడు కానీ ఫోన్ పెట్టలేదు.

"వానొస్తే ఫోను కోసరం ఇంట్లో ఉండాకు మ్మా," అన్నాడు. "మిట్టకెక్కు."