ఎస్తేరమ్మ బిగించిన బ్రేకు
గద్వాల బస్టాండు వెనక షెడ్డులో ఎస్తేరమ్మ ఇరవై ఏళ్లుగా బ్రేకుల పని చేస్తోంది. కొంగు నడుముకు దోపి, కారు కింద వెల్లకిలా పడుకుని, కేబుల్‌ను చూపుడువేలితో మీటి చూస్తుంది. ఆ రోజు బ్యాంకులో పనిచేసే యమున తన ఆటోమేటిక్ కారు తెచ్చింది. కారును జారించి తిప్పే డ్రిఫ్టింగులో ఆమెకు ఆ సాయంత్రమే మొదటి పాఠం. హ్యాండ్‌బ్రేకు లాగగానే వెనక చక్రాలు రెండూ ఒకేసారి ఆగిపోవాలి. ఎస్తేరమ్మ కేబుల్ బిగించి, జాకీ మీద కారు లేపి, బ్రేకు లాగించి చూసింది. ఎడమ చక్రం ముందు పట్టింది. విప్పి మళ్లీ బిగించింది.

“టైమైతుంది అక్కా, గింత చాలదా?” అంది యమున.

“ఒక్క చక్రం ముందుగాల పడితే బండి నువ్వనుకోని దిక్కుకు పోతది బిడ్డా. జర ఆగు.”

నాలుగోసారికి కుదిరింది. అయినా మనసు నిలవక ఎస్తేరమ్మ పాఠం జరిగే మైదానం దాకా వెళ్లి అంచున నిలబడింది. యమున కారును వేగంగా పోనిచ్చి, గేరు న్యూట్రల్‌లో వేసి, స్టీరింగ్ తిప్పి, బ్రేకు లాగింది. కారు సగం చుట్టు తిరిగి ఎర్రదుమ్ములో ఆగింది. పక్కన కూర్చున్న శిక్షకుడు చప్పట్లు కొట్టాడు. ఎస్తేరమ్మ మాత్రం టైర్ల గీతలు మొదలైన చోటికి నడిచి, గొంతుక్కూర్చుని చూసింది. రెండూ ఒక్కచోటే మొదలయ్యాయి. లేచి వచ్చి కారు వెనక తలుపు తీసింది.

“ఇంకోపారి తిప్పు బిడ్డా. నేను గూడ కూసుంట.”