ఉలి ఆగాక వెలిగే పొయ్యి

మా అక్క నూడుల్స్ బండి పెట్టిందని నాకు చెప్పింది మా పక్కింటామె. అహోబిలం పోయి వస్తూ ఆళ్ళగడ్డలో ఆగి తిన్నదట. నంద్యాలలో మా వాకిట్లో నిలబడి "మీ అక్క చేతి రుచే వేరు" అని ఆమె మెచ్చుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. రోడ్డు పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ళకు ప్లేట్లు అందించడం మా ఇంటా వంటా లేదు. ఆ మాట మొహం మీదే అనేసి బండి మూయించి రావాలని మర్నాడే బస్సెక్కాను. ఇంటి గడప లోపల తప్ప ఎక్కడా చెల్లదు గానీ, నా పౌరుషానికి తక్కువేం లేదు.

బావది శిల్పాల పని. రోడ్డు వారనే రేకుల షెడ్డు, దాని ముందు జాగా నిండా రాళ్ళు, వెనక ఇల్లు. అక్క పెళ్ళైన కొత్తలో నేను చూడ్డానికి పోయినప్పుడు ఆ ఇంట్లో గడియారంతో పనుండేది కాదు. షెడ్డులో ఉలి చప్పుడు ఆగిందంటే ఇంట్లో కంచం పడాలి. చప్పుడు కాస్త మందగిస్తే చాలు, అక్క చెప్తున్న మాట సగంలో మింగేసి లేచిపోయేది. ఒకసారి సగం అల్లిన జడతోనే వంటింట్లోకి పరుగెత్తింది. నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

నేను దిగేసరికి నాలుగు దాటింది. ఆనాటి పని అయిపోయి ఉలి ఆగింది, షెడ్డు ముందు రాళ్ళ మధ్యలో అక్క బండి మీద పొయ్యి వెలుగుతోంది. దుమ్ము అణగడానికి నీళ్ళు చల్లినట్టున్నారు, తడిసిన రాతి వాసన. అయినా ఇంకా కిందికి దిగని పొడి వాలుటెండలో తెల్లగా తేలుతోంది. అంతా కలలో చూస్తున్నట్టే ఉంది నాకు. ఒక నందికి వీపు మాత్రం బయటికొచ్చింది, మిగతాదంతా ఇంకా బండలోనే ఉంది. దాని పక్కనున్న పీఠం మీద కూర్చుని కాలేజీ ఆడపిల్లలిద్దరు నూడుల్స్ తింటున్నారు. కాళ్ళు తప్ప ఇంకేమీ తయారుకాని ద్వారపాలకుడికి ఆనుకుని లారీ డ్రైవరొకాయన తింటున్నాడు. వాళ్ళ వెనక, షెడ్డు అంచున నిలువెత్తు అమ్మవారు. ముక్కు, పెదవులు, ముక్కుపుడక అన్నీ అయ్యాయి. కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి. కడాయిలోంచి లేచిన ఆవిరి ఆ ముఖం మీదుగా పోతుంటే అమ్మవారు ఊపిరి పీలుస్తున్నట్టనిపించింది. తిట్టడానికి వచ్చినదాన్ని అలా చూస్తూ నిలబడిపోయాను.

"ఏందమ్మే, ఆడే నిల్చున్నావ్? రా, తిందువు" అంది అక్క, కడాయి ఎగరేస్తూనే.

జనం పలచబడ్డాక అడిగాను. "దేవుళ్ళ ముందర గుడ్లు కొడతాండావే, బావ ఏమనలేదా?"

"కండ్లు తెరవని రాయి రాయే అన్నాడు. తెరిచినాక మాత్రం ఈడ గుడ్డు పగలకూడదంట."

అది బావ వాళ్ళ ఇంటి ఆచారం. విగ్రహానికి కళ్ళు చిట్టచివర, షెడ్డులోనే చెక్కుతారు. కళ్ళు పడ్డాక అది దేవుడు, అక్కణ్ణుంచి తీసుకుపోయే దాకా నీచు తగలకూడదు. చిన్న విగ్రహాలు కళ్ళు తెరిచిన రోజే లారీ ఎక్కి పోతాయి, ఆ ఒక్కరోజు అక్క పొయ్యి వెలిగించదు. ఈ అమ్మవారు గోస్పాడు వైపు ఒక ఊరివాళ్ళది. వాళ్ళ గుడి ఎప్పటికి లేస్తుందో వాళ్ళకే తెలియదు. రేపు మంచిరోజు, కళ్ళు తెరిచేస్తానని బావ అన్నాడట.

"అయితే రేపట్నుంచి బండి లేనట్టేనా?"

"గుడ్డు లేకుంటే ఎవురొస్తారు? ఇంకోచోట పెడదామంటే జాగా యాడుంది?"

నేను సంతోషించాలి. వచ్చిన పని దానంతటదే అయిపోతోంది. "పోనీలేక్కా, ఇంట్లో సుఖంగా ఉండచ్చు" అన్నాను.

అక్క నన్ను అదోలా చూసింది. "ఇరవై రెండేండ్లు వండినా కదమ్మే. కంచంలో ఏముందో సూడకుండా తిని లేస్తాడు మీ బావ. ఇంగొంచెం పెట్టుమని ఒక్కనాడన్నా అడిగినాడా? ఈడ ముక్కూ మొగం తెలీనోళ్ళు ఇంకో ప్లేటు అంటాండారు. ఆ మాట ఇనకుండా ఇంగ నేనుండలేను."

అమ్మవారి వెనక తొట్టి దగ్గర బావ చేతులు కడుక్కుంటున్నాడని అప్పుడే చూశాను. విన్నాడో లేదో తెలియలేదు.

మర్నాడు పొద్దున బావ తలస్నానం చేసి సన్న ఉలి తీసుకున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను. "బావా, ఆ కండ్లు కొన్నాళ్ళు ఆపలేవా?"

"మా నాయన ఆపలేదు. ఆయన నాయనా ఆపలేదు" అని షెడ్డులోకి పోయాడు.

అక్క కడాయి తోమి బోర్లించింది. అన్నం వండింది. ఇద్దరం వంటింట్లో కూర్చుని చెవులొగ్గి విన్నాం. ఉలి చప్పుడు మొదలే కాలేదు. ఆగితే కదా కంచం పెట్టడానికి, అక్కకు ఏం చేయాలో తోచలేదు. ఎంతసేపటికో బావ ఫోన్లో మాట్లాడటం వినిపించింది.

"గుడి లేసినాక చెప్పండప్పా. ఆడికే వచ్చి తెరుస్తా... అవును, ఆ పద్ధతి మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ఇప్పుడుంది."

ఉలిని గుడ్డలో చుట్టి లోపల పెట్టేశాడు. అక్క బోర్లించిన కడాయిని తిప్పి తుడిచింది.

సాయంత్రం నాలుగింటికి నీళ్ళు ఆయనే చల్లాడు. పొయ్యి వెలిగింది. తెల్లటి పొడిలో పిల్లలొచ్చారు, లారీలు ఆగాయి. బావ వచ్చి నంది పక్క పీఠం మీద కూర్చుంటే అక్క ప్లేటు అందించింది. ఆయన తినబోతూ ఆగి, అందులో ఏమేం వేసిందో కాసేపు చూశాడు. నెమ్మదిగా తిన్నాడు. ఖాళీ ప్లేటు పట్టుకుని లేచి బండి దగ్గరికి వచ్చాడు.

"ఇంకో ప్లేటు" అన్నాడు.

అక్క తల ఎత్తలేదు. కళ్ళు మాత్రం మోచేత్తో ఒత్తుకుంది.

"ఉండయ్యా, నీకంటే ముందు ఇద్దరుండారు" అంది.

బావ పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆ ఇంట్లో తిండి కోసం ఆయన ఆగడం నేను చూసింది అదే మొదటిసారి.