మా బావగారు ఎంచిన ముందు టైరు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక కింది హాల్లో భోజనాలు చేస్తుంటే, పక్క బల్ల దగ్గర నలుగురు సాఫ్ట్‌వేరు అబ్బాయిలు ఫోన్లు ముందేసుకుని, మౌంటెన్ బైకుకు ముందు టైరు ఏది కొనాలా అని ఒకటే తర్జనభర్జన పడుతున్నారు. ఒకడు వీడియోలో చూశానంటాడు, ఇంకొకడు రివ్యూలన్నీ చదివానంటాడు, మూడోవాడు పక్కన ఎర్ర గీత ఉన్నదైతే ఫ్రేముకు మ్యాచ్ అవుతుందంటాడు. వాళ్లలో ఒక్కడి మోచేతి మీదా గీరుకున్న మచ్చైనా లేదు. నా పెరుగన్నం నేను తింటుంటే, నాలుగోవాడు ఇటు తిరిగి, ఇదంతా మీకు బోర్ కొడుతుందేమో ఆంటీ అని జాలిపడ్డాడు. నీ జాలి నీ దగ్గరే పెట్టుకో నాయనా అనుకున్నాను గానీ పైకి అనలేదు. కెనడా వచ్చిన కొత్తల్లో సర్రీలో మేము కాపురమున్న బేస్‌మెంటూ, అప్పటి టైరు గొడవా గుర్తొచ్చి, ఎన్నడో చల్లారిందనుకున్న కడుపుమంట మళ్లీ రాజుకుంది.

స్టూడెంట్ వీసాల మీద జనం విమానాలకు విమానాలు దిగుతున్న ఏళ్లవి. ఆ గుంపులో కుర్రకారే కాదు, నెరిసిన జుట్టుకు రంగేసుకుని దిగిన మనలాంటి వాళ్లమూ ఉన్నామని నా ఈడు చదువరులకు వేరే చెప్పక్కర్లేదు. కాకినాడలో ఒక మిషను బడిలో ఆటల టీచరుగా ఏళ్ల తరబడి విజిలు ఊదిన నేను, నలభైకి దగ్గరపడ్డాక, పిజ్జా కొట్టు మీది అంతస్తులో ఉన్న కాలేజీలో బిజినెస్ డిప్లొమా చదవడానికి వచ్చాను. అదొక కాలేజీ, అదొక చదువు. మీసాలైనా సరిగా రాని పిల్లకాయలు నన్ను ఆంటీ అని వెనక బెంచీకి తోసేసి, అసైన్‌మెంట్లు మాత్రం నా దగ్గరే కాపీ కొట్టేవారు. మా ఆయన నా మీద ఆధారపడి ఓపెన్ వర్క్ పర్మిట్‌తో వచ్చి ఒక వేర్‌హౌసులో పెట్టెలు మోసేవాడు. మేము తలదాచుకున్నది ఆయన సొంత అన్నగారి ఇంట్లో, అంటే మా బావగారింటి బేస్‌మెంటులో.

బావగారి సంగతి చెప్పాలి. అమెరికాలో కొన్నాళ్లు ఉద్యోగం వెలగబెట్టి, అక్కడ గ్రీన్ కార్డు ముడిపడక ఇటు వచ్చి పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, సంపాదించిన వారు, ఆ పీఆర్‌తో పాటు సర్వజ్ఞత్వం కూడా దఖలు పడిందని గట్టిగా నమ్మేవారు. బియ్యం ఎక్కడ కొనాలో, బేస్‌మెంటులో హీటు ఎంత పెట్టుకోవాలో, నేను ఎంతసేపు స్నానం చేయాలో అన్నీ ఆయనే సెలవిచ్చేవారు. నేను పోపు పెడితే చాలు, వాసన పైకొస్తోందని ఫోనులో మెసేజీ. మా ఆయన్ని అడిగితే దేనికైనా ఒకటే జవాబు, అన్నయ్య చెప్పాడుగా అని. ఆ మాట చెవిన పడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అంత పెద్ద మనిషి, ఇద్దరు మోయలేని పెట్టెను ఒక్కడే ఎత్తే మనిషి, అన్నగారి ఎదుట నోట్లో నాలుక లేనట్టు నిలబడటం చూస్తే జాలి కాదు, నిజం చెప్పాలంటే చులకనే కలిగేది.

ఆ బావగారు తమ తోటి ఉద్యోగుల్ని చూసి కారంత ఖరీదు పెట్టి కొత్త మౌంటెన్ బైకు కొన్నారు. కొని ఏం చేశారంటే, గరాజులో దుప్పటి కప్పి ఉంచి, ఎండ కాసిన ఆదివారాల్లో నది పక్క తారురోడ్డు మీద తొక్కి ఫోటోలు దిగేవారు. పాతది నాకు దయచేశారు. దాన్ని పట్టుకుని నేను, బస్సులూ రైళ్లూ మారి, ఉత్తరాన ఉన్న కొండల మీదికి పోవడం మొదలుపెట్టాను. తడిసిన చెట్ల వేళ్లు, నాచు పట్టిన రాళ్లు, గుండె నోట్లోకొచ్చే దిగుడు, పెద్ద పెద్ద దేవదారు చెట్ల మధ్య సన్నని మట్టి దారి. ఎన్నిసార్లు పడ్డానో లెక్క లేదు. పడగా పడగా నాకు తెలిసొచ్చిన సంగతి ఒక్కటే. వెనక చక్రం జారితే గుండె ఝల్లుమంటుంది, అంతే, సర్దుకుని పోవచ్చు. ముందు చక్రం జారితే మాత్రం మనిషి నేల మీదే ఉంటుంది. అందుకని ముందుకు వేసే టైరు వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో, వంపుల్లో ఒరిగినప్పుడు మట్టిని కరిచి పట్టుకునేలా అంచుల్లో ఎత్తైన బటన్ల లాంటి గుబ్బలతో ఉండాలి. అది త్వరగా అరుగుతుంది, అరిగితే అరగనీ.

రెండో ఏడు వసంతంలో, ఆ కొండ కింద పిల్లలకు కొండదారుల్లో సైకిలు తొక్కడం నేర్పే ఒక చిన్న బడిలో పనికి పిలుపొచ్చింది. నన్ను దారిలో పలుమార్లు చూసిన అక్కడి పెద్ద టీచరమ్మ, శనివారం పొద్దున తన వెనక ఒకసారి కొండ దిగి చూపించమంది. కాలు తడబడకుండా దిగితే పని నాది. ఆ పని దొరికితే మా ఇద్దరి సంపాదనతో వేరే ఇల్లు తీసుకోవచ్చు, నా తలుపు నేను వేసుకోవచ్చు, నా పోపు నేను పెట్టుకోవచ్చు. చదువు మీదా, డిప్లొమా మీదా నాకు అంత ఆశ ఎప్పుడూ లేదు. ఉన్న రెండు టైర్లూ అరిగి గుండై పోయాయి గనుక, ఒక్కటంటే ఒక్క మెత్తటి టైరు వెతికి కొని ముందు చక్రానికి బిగించాను.

బావగారు గరాజులోకి వచ్చి, సంతలో వంకాయలు ఏరినట్టు దాన్ని బొటనవేలితో నొక్కి చూశారు. మరీ మెత్తగా ఉంది, మైలేజీ రాదు, డబ్బు దండగ అన్నారు. అయినా కొత్త టైరు ముందుకు వేసే తెలివితక్కువతనం ఎక్కడైనా ఉందా, బరువంతా వెనకే కదా, ఊళ్లో స్కూటరుకైనా కొత్తది వెనక్కి వేసి, పాతది ముందుకు మార్చేవాళ్లం కదా అని ఉపన్యాసం. మెత్తది అరిగిపోతుందని అంత బాధపడిన మహానుభావుడు, దాన్ని ఇంకా తొందరగా అరిగే వెనక చక్రానికి వేయమంటున్నారని నేనే మెల్లగా ఎత్తి చూపించాను. ఆయన మా ఆయన వైపు చూసి నవ్వి, ఆడవాళ్లకు మెకానికల్ సంగతులు ఎక్కవన్నారు. మా ఆయన నేల చూపులు చూశాడు.

శుక్రవారం నేను కాలేజీకి పోయి వచ్చేసరికి సైకిలును ఆయనే తన కారు వెనక కట్టి, వానకు తడవకుండా టార్పాలిన్ కప్పి ఉంచారు. పోనీలే, ఇన్నాళ్లకు ఒక మంచి పని చేశారనుకున్నాను. మర్నాడు వానలో ఆయనే మమ్మల్ని కొండ కిందికి తీసుకెళ్లారు. అక్కడ టార్పాలిన్ తీస్తే ఏముంది, నా మెత్తటి టైరు వెనక ఉంది, బోడిగుండు లాంటి పాతది ముందు ఉంది, రెంటికీ రాయిలా గాలి కొట్టి ఉంది. నువ్వు చదువుకుంటున్నావని నేనే మార్చేశానమ్మా అని ఆయన సంతోషంగా చెప్పారు. అవతల షెడ్డు దగ్గర టీచరమ్మ హెల్మెట్ పెట్టుకుంటోంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈయనగారితో వాదించే ఓపిక లేక మా ఆయన వైపు చూశాను. ఏమంటాడో నాకు తెలుసు, ఇన్నేళ్లుగా విన్నదే.

ఈసారి మా ఆయన సైకిలును తిరగేసి గులకరాళ్ల మీద చతికిలబడ్డాడు. టైరు ఊడదీసే లివర్లు లేకపోతే, నా సంచిలోని పులిహోర డబ్బా తెరిచి రెండు స్టీలు చెంచాలు తీసుకున్నాడు.

"ఏం చేస్తున్నావురా? బరువంతా వెనకే ఉంటుందని చెప్పానుగా" అన్నారు బావగారు.

"కొండ దిగేది నువ్వు కాదుగా అన్నయ్యా" అన్నాడు మా ఆయన, తలెత్తకుండానే.

గొంతు పెంచలేదు, కసిరినట్టూ లేదు. బావగారు గొడుగు కింద అలాగే ఉండిపోయారు. వానలో తడుస్తూ, వేళ్ల కణుపులు దోక్కుపోతున్నా ఆగకుండా, మా ఆయన రెండు చక్రాలూ విప్పి రెండు టైర్లూ మార్చాడు. నేను పంపు కొట్టాను, పట్టు దొరకాలని ముందు చక్రానికి గాలి కాస్త తక్కువగానే.

ఆ కొండ దిగడం గురించి గొప్పలు చెప్పుకోను. చెట్ల వేళ్లు అల్లుకున్న మూడో వంపులో వెనక చక్రం సర్రున పక్కకు పోయింది, ముందుది మాత్రం పట్టు వదల్లేదు. కింద టీచరమ్మ వెనక్కి తిరిగి, నా మోచేతుల మీదా మోకాళ్ల మీదా పడిన గుర్తేదీ లేకపోవడం చూసి, వచ్చే వారం నుంచి రమ్మంది. నెల తిరక్కుండా ఒక పాత అపార్ట్‌మెంటులో మూడో అంతస్తుకు మారిపోయాము.

ఆ తర్వాత బావగారు మా ఆయనకు ఏ సలహా ఇవ్వడమూ మానేశారు. పీడా పోయిందని నేను పండగ చేసుకున్నాను. కానీ మేము మొదటి కారు కొనుక్కున్న రోజు, మా ఆయన ఆ కారు చుట్టూ తిరిగి తిరిగి, ఫోను చేతిలోకి తీసుకుని, అన్నగారి పేరు దాకా వెళ్లి, మళ్లీ జేబులో పెట్టేసుకోవడం చూశాను. మనిషికి స్వతంత్రం వచ్చిందని సంబరపడ్డానే గానీ, దానికోసం ఆయన ఏం వదులుకున్నాడో అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరికీ జుట్టు నెరిసింది, రాకపోకలూ ఉన్నాయి. నలుగురు కొత్తవాళ్లు కూడితే బావగారు, మా మరదలికి ఆ ఉద్యోగం తెచ్చిపెట్టిన ముందు టైరును సెలెక్ట్ చేసింది నేనేనని నిస్సిగ్గుగా చెప్పుకుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. పక్కనే కూర్చున్న మా ఆయన మాత్రం, అవును, అన్నయ్యే అన్నట్టు తల ఊపుతాడు. ఆ రోజుల్లో అన్న చెప్పిందంతా నిజమని నమ్మి ఊపేవాడు, ఇప్పుడు అబద్ధమని తెలిసే ఊపుతున్నాడు. ఆ సంగతి బావగారికీ తెలుసునని, తెలిసే తమ్ముడి ముఖం వైపు చూడకుండా ఆ కథ చెబుతారని ఈ మధ్యే కనిపెట్టాను.