నల్లగా నింపిన సున్నా

మొన్న రక్తం తీసుకెళ్లడానికి ఇంటికొచ్చిన ల్యాబ్ అమ్మాయి, సూది గుచ్చినచోట దూది నొక్కి పట్టుకోమని చెప్పి, పోతూ పోతూ ఓ రంగుల కాగితం నా చేతిలో పెట్టిపోయింది. పెళ్లికి ముందే వధూవరుల జన్యువులు పరీక్షించి, పుట్టబోయే పిల్లలకు ఏ లోపాలు రావచ్చో చెప్పేస్తారట. ఆ కాగితం మూల మీద చిన్న వంశవృక్షం వేశారు, మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు, అట్టడుగు వరసలో ఒక్క సున్నాను మాత్రం నల్లగా నింపేశారు. దాన్ని చూడగానే దూది సంగతి మరిచిపోయాను, చీర మీద రక్తం చుక్క పడిన సంగతి కూడా చాలాసేపటికి గాని చూసుకోలేదు. నా ఈడువాళ్లు, ముఖ్యంగా మా శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగాలకని వచ్చి ఈ జంటనగరాల్లో ఉండిపోయినవాళ్లు, నేను చెప్పబోయేది వింటే తమ ఇళ్లలో కూడా ఎవరో ఒకరిని తలుచుకోక మానరు.

నేను సికింద్రాబాదులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఊళ్లో ప్రతి మేడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేచిన రోజులవి, నా క్లాసులో బెంచీలు ఏటికేడాదీ ఖాళీ అవుతుండేవి, కప్పను కోసి చూడాలన్న సరదా ఎవరికీ మిగల్లేదు. ఆ తీరికలోనే ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి పరిణామం గురించీ వంశపారంపర్యం గురించీ మామూలు పాఠకులకు అర్థమయ్యేట్టు రాయడానికి ఒప్పుకున్నాను. నాకు తెలిసిన ఉపమానమల్లా పరీక్ష పేపర్లు దిద్దడమే. ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే ఇద్దరూ చదివారనుకోవచ్చు, ఇద్దరూ ఒకేచోట ఒకే తప్పు రాస్తే మాత్రం ఒకే కాగితం చూసి కాపీ కొట్టారన్నమాటే. ఒంట్లోనే సి విటమిన్ తయారుచేసుకునే జన్యువు మనిషికీ కోతికీ ఒకే తీరున చెడిపోయి ఉంది, కాబట్టి ఇద్దరిదీ ఒకే పాత కాగితం, మనం కోతికి పుట్టలేదు గాని మనకూ దానికీ తాత ఒక్కడే అని రాస్తే, అది చదివి మా కాలేజీ ప్యూను కూడా నన్ను అనుమానంగా చూశాడు. ఇంత తేలిగ్గా విడమరిచి చెప్పగలదాన్నని నాకు కాస్త గర్వంగానే ఉండేది, దాచడమెందుకు.

ఈ తప్పుల లెక్క మా ఇంట్లోనే ఉంది. మా చెల్లెలిని మా మేనత్త కొడుక్కే ఇచ్చారు. దానికి తిరుమలగిరిలో కాపురం, ఒక్కతే కూతురు, ఆ పిల్లకు పుట్టుకతోనే వినపడదు. మా తాతయ్యలోనో నాయనమ్మలోనో దాగి ఉన్న ఒక తప్పు, మా నాన్న ద్వారా చెల్లెలికీ, మేనత్త ద్వారా దాని మొగుడికీ చేరింది. ఎవరిలోనైనా రెండు కాపీలుంటాయి గనక, ఒకటి తప్పయినా రెండోది ఆదుకుంటుంది, పాపం ఆ పిల్లకు రెండూ తప్పువే వచ్చాయి. చేతులు ఆడిస్తే నోట మాట రాదని బళ్లో గట్టిగా చెప్పారని మా చెల్లెలు ఆ పిల్ల చేత సైగ చేయనిచ్చేది కాదు. పెదాలు చూసి అర్థం చేసుకోవడం ఎంతో కొంత వచ్చింది గాని మాట మాత్రం రాలేదు. అయినా పిల్ల చురుకైనది, బేగంపేటలో ఒక కంపెనీలో కంప్యూటరు మీద మ్యాపులు గీసే ఉద్యోగంలో చేరింది, అక్కడ దానిలాంటి వాళ్లే ఇంకొందరుండేవారు.

కాప్రాలో ఉండే మా అన్నయ్య కొడుకు అప్పుడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నాడు. వాడికీ ఈ పిల్లకూ పెళ్లి చేద్దామని చెల్లెలు ఎత్తుకుంది, మేనబావ కాకపోతే దీన్నెవరు చేసుకుంటారని దాని ఆరాటం. అన్నయ్య ఊఁ అన్నాడు, మా వదిన ఊహూఁ అనలేక ముఖం మాడ్చుకుంది, పిల్లవాడు మాత్రం మొదటినుంచీ ఇష్టంగానే ఉన్నాడు. అడ్డం పడ్డది నేనే. ఒకసారి జరిగింది చాలదా, మళ్లీ అదే నెత్తురులోనా అని పోట్లాడాను. ఎవరూ వినకపోయేసరికి, అన్నయ్య వాళ్ల అపార్ట్‌మెంటు సంఘం ఒక ఆదివారం సాయంత్రం నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, మేనరికాల గురించే చెబుతానన్నాను.

కింద సెల్లార్‌లో కార్లు పక్కకు తీయించి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. తెల్లబోర్డు మీద చదరాలూ సున్నాలూ వేసి, పేర్లు రాయకుండా మా ఇంటి వంశమే గీశాను, లోపమున్న మనిషికి గుర్తుగా చివరి సున్నాను నల్ల మార్కరుతో నింపాను. జన్యువులకు వరసలు తెలియవని, పిన్ని కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ అన్నది మన నోటి మాటే గాని నెత్తుటి లెక్కలో ఇద్దరూ ఒకటేనని అన్నానో లేదో, సెల్లారంతా గొల్లుమంది. కింది వాటాలో ఉండే ఇక్కడి పెద్దావిడ ఒకామె కుర్చీలోంచి లేచి నిలబడింది.

“ఏందీ మేడమ్, గిట్ల మాట్లాడ్తరు? అన్న, బావ ఒక్కటేనా? రేపు పోరగాళ్లు పిన్ని కొడుకును సుత చేస్కుంటమంటే ఏం జెప్పాలె?”

బావ కూడా అన్న అంత దగ్గరివాడే కాబట్టి వద్దని నేనంటే, బావ తగినప్పుడు అన్న ఎందుకు తగడని వాళ్లకు వినపడింది. ఇన్నాళ్లూ ఆదివారం ఆదివారం నేను రాసిందంతా జనం ఇలాగే చదివి ఉంటారా అనిపించింది. వదిన పక్కకొచ్చి, “పరువు తీసేస్తన్నావు, ఆ బోర్డు తుడిచీమ్మా” అని గుసగుసలాడింది.

తుడవబోతుంటే, ముందు వరసలో తల్లి పక్కన కూర్చున్న మా చెల్లెలి కూతురు లేచి వచ్చింది. నల్ల సున్నా మీద వేలు పెట్టి, తరవాత ఆ వేలే తన గుండె మీద పెట్టుకుని నా వంక చూసింది. నేను తలూపక తప్పలేదు. అప్పుడది నా చేతిలోని మార్కరు తీసుకుని, నల్ల సున్నా నుంచి బావ చదరానికి ఒక గీత గీసి, కింద ప్రశ్నార్థకం పెట్టింది. అంతమందిలో ఆ ధైర్యానికి అదిరిపోయాను, కానీ మాస్టారమ్మను కదా, అడిగితే చెప్పకుండా ఉండలేను. తన వైపు నుంచి తప్పు కాపీ ఎలాగూ వస్తుంది, ఇక అన్నయ్యకు ఆ తప్పు వచ్చే అవకాశం సగం, అన్నయ్య నుంచి వాడికి రావడం అందులో సగం, వాడి నుంచి బిడ్డకు రావడం మళ్లీ సగం, అన్నీ కలిపి ఎనిమిదింట ఒక వంతు అని రాశాను. అది ఆ అంకెను చాలాసేపు చూసి, పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలతో ఒకే మాట రాసింది.

“అంతేనా?”

అందరూ హమ్మయ్య అనుకున్నారు. మా చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ, చూశావా, అది నీలా భయపడదు అంది. వదిన కూడా నా లెక్కతో నన్నే కొట్టింది, ఎనిమిదిలో ఏడు మంచివే కదా, మరింకేటి అని.

తరవాత వారంలో మోండా మార్కెట్లో కూరగాయలు కొంటుంటే మా మేనల్లుడు కలిశాడు, సంచి అందుకుని పక్కనే నడుస్తూ నెమ్మదిగా చెప్పాడు. “అత్తా, అది ధైర్యం కాదు. అంత తక్కువా అని బాధపడింది.”

మునక్కాడల కట్ట చేతిలోంచి జారిపోయింది. చెవుడున్న బిడ్డ పుట్టాలని ఏ తల్లయినా కోరుకుంటుందా, నీకేమైనా పిచ్చా అని జనం మధ్యలోనే అరిచాను. వాడు కట్ట తీసి సంచిలో పెట్టుకుంటూ, “చెవుడు కాదత్తా, తన పోలిక కోరుకుంది. నీ పిల్లలకు నీ పోలిక రావాలని నీకు లేదా?” అన్నాడు. ఆ ఇంట్లో దాని భాషలో మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరట, బళ్లో తోటిపిల్లల దగ్గర అది చాటుగా పట్టిన సైగలు చిన్నప్పుడు సెలవుల్లో తనొక్కడే నేర్చుకున్నాడట, ఇప్పుడు ఆఫీసులో నేస్తాలు సెల్‌ఫోనుకు పంపే మెసేజీలు పండగలా చదువుకుంటుందట, బిడ్డయినా తనలా ఉంటే ఇంట్లో కబుర్లు చెప్పుకోవచ్చని ఆశపడిందట. పోలికలు ఎలా వస్తాయో ఊరందరికీ రాసి చెప్పినదాన్ని, పోలిక ఎందుకు కావాలో నాకు తట్టనే లేదు.

పెళ్లయింది. ఏడాది తిరిగాక ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి గదిలో వదిన కావాలనే స్టీలు పళ్లెం కింద పడేసింది, పసిది ఉలిక్కిపడి గుక్కపెట్టి ఏడ్చింది, మేమంతా పండగ చేసుకుని ఒకరి నోట్లో ఒకరు మైసూర్‌పాకు పెట్టుకున్నాం. బాలింత పళ్లెం వంక, పాప వంక చూసి, మొగుణ్ణి చేత్తో ఏదో అడిగింది, వాడు తలూపాడు. మా అందరికీ నవ్వు ముఖం చూపించి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ పాపకు ఇంకా మాటలు రాకముందు, పండక్కి అందరం చేరినప్పుడు, నట్టింట్లో కూర్చుని తల్లి వంక చూస్తూ బుల్లి పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి పాలడిగింది. తల్లి ఒక్క ఉదుటున లేచి దాన్ని ఎత్తుకుంది, ఆ తల్లి ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందెన్నడూ చూడలేదు. చెవులు వచ్చినా సరే, తల్లి భాష చేతుల మీదుగా బిడ్డకు అందనే అందింది. జన్యువులతో దానికి పనే లేకపోయింది. మా చెల్లెలు మాత్రం వంటింటి గుమ్మంలో కొయ్యబారి నిలబడిపోయింది. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, “అక్కా, నా కూతురు నన్నెప్పుడైనా ఇలా ఏదైనా అడిగిందా? నేనే దాని చేతులు పట్టేసుకున్నాను కదే” అని ఘొల్లున ఏడ్చింది.

ఇప్పుడు కాలం చాలా మారింది. మేనరికాలు తగ్గిపోయాయి, మంచిదే, దానికి నేను రాసింది కారణమని మాత్రం అనుకోను. బొట్టు నెత్తురులో ఏడు తరాల తప్పులూ చదివేస్తున్నారు. వినపడని పసివాళ్లకు లోపల యంత్రం అమర్చి వినిపిస్తున్నారు. నాకు మటుకు రెండేళ్లుగా చెవులు మందగించాయి, మిషను పెట్టుకుంటే హోరు తప్ప మాట తేలదు. అందరూ చేరి నవ్వుకుంటున్నప్పుడు ఏమిటే అని అడిగితే, పిల్లలు ఫోన్లలోంచి తలెత్తి “ఏం లేదులే” అంటారు. వాళ్ల తప్పు కాదు, మేమూ ఆ పిల్లతో రోజుకెన్నిసార్లు అలా అని ఉంటామో. అదొక్కతే వచ్చి నా ఎదుట కూర్చుని, వాళ్ల పెదాల మీద తను చదివినమేరకు ఎవరేమన్నారో, ఎందుకు నవ్వారో, చేతులతో మొదటినుంచీ మళ్లీ చెబుతుంది. సగమే అర్థమవుతుంది నాకు. ఆ సగం నేర్చుకోవడానికి నా చెవులు పోవలసి వచ్చింది.